దీపాల అవ్వకు గండం

అల్లుడు అధ్యాయం చివరి వాక్యం చదివి, కాగితాలు ఒళ్ళో పెట్టుకుని అత్తగారి ముఖం వంక చూశాడు. ఆవిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తోంది. గింజలు గిన్నెలో పడాలి, తొక్కలు పళ్ళెంలో పడాలి. కొంతకాలంగా కొన్ని తొక్కలు గిన్నెలోకి, కొన్ని గింజలు పళ్ళెంలోకి పోతున్నాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కూరలో తొక్క తగిలితే చప్పుడు చేయకుండా నమిలేస్తారు.

“దగ్గింది,” అంది అత్తగారు.

“ఎవరు?”

“ఇంకెవరు, మీ దీపాల అవ్వ. సొరంగంలోకి దిగే ముందు దగ్గిందని ఇప్పుడే కదా చదివావు. ఎందుకు దగ్గింది?”

“సొరంగం కదా అత్తయ్యా, చల్లగా ఉంటుంది.”

“నా చెవిలో పూలు పెట్టకు. పోయిన నవల్లో మంత్రాల తాతయ్య కూడా ఇలాగే దగ్గాడు. తర్వాతి అధ్యాయంలోనే కొండ మీంచి పడేశావు. అంతకు ముందు రాకెట్టు నడిపే పెద్దాయన గుండె పట్టుకుని ‘ఏం లేదు, గాలి’ అన్నాడు. మర్నాటికల్లా మనిషి లేడు. నీ పుస్తకాల్లో పెద్దవాళ్ళు దగ్గారంటే వాళ్ళ పని అయిపోయినట్టే!”

అల్లుడు గతుక్కుమన్నాడు. అవ్వ రాబోయే అధ్యాయంలో చనిపోవలసి ఉన్న మాట నిజమే.

అతను పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాడు. డాక్టరు రాసిచ్చిన చీటీ చూసి అద్దాలు అరగదీయడం, ఫ్రేములో బిగించడం, ముక్కు మీద సరిగా కూర్చుందో లేదో చూడడం అతని పని. ఉదయం యంత్రం తిప్పే ముందు కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటాడు. మిగిలిన తీరిక అంతా నవలలే. అతని నవలల్లో రాకెట్లకు మంత్రాలు వస్తాయి, మంత్రగాళ్ళకు లెక్కలు వస్తాయి. ఈసారిది ఒక పెద్ద అద్దం కథ. సొరంగం చివర నిలబెట్టిన ఆ అద్దమే రెండు లోకాల మధ్య గుమ్మం. ఇవతల చీకటి పట్టిన ఊరు, అవతల నీలం రంగు సూర్యుడూ, వెలుగును మింగేసిన డ్రాగనూ. ఆ డ్రాగన్ని ఎదుర్కోవడానికి జోస్యం ప్రకారం పుట్టిన పిల్ల ఒకతె ఉంది. ఆ పిల్లకు దారి చూపేది చూపు మందగించిన దీపాల అవ్వ. ఇవతల ఒకరు దీపం కదలకుండా పట్టుకుని నిలబడితేనే అద్దం తెరుచుకుని ఉంటుంది. చేయి వణికిందా, మూసుకుపోతుంది. కనుక అవ్వ ఇవతల దీపం పట్టుకోవాలి, పిల్ల అవతలికి వెళ్ళాలి, సొరంగం కూలి అవ్వ పోవాలి, పిల్ల ఏడ్చి లేచి డ్రాగన్ని గెలవాలి. ఇదంతా అతను ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు.

అత్తగారికి చూపు తగ్గినప్పటి నుంచి ప్రతి అధ్యాయం ఆవిడకు చదివి వినిపించడం అలవాటైంది. అతని రాతలకు మొదటి శ్రోత ఆవిడే. నిజం చెప్పే శ్రోత కూడా ఆవిడ ఒక్కతే. కాలంలో వెనక్కి వెళ్ళే బండి గురించి రాసినప్పుడు, “అంత బండి చేతిలో ఉంచుకుని ఆలస్యమైందని పరిగెత్తుతాడేంటి వాడు?” అని అడిగింది. అప్పటి నుంచి అతను ఆ బండి జోలికి పోలేదు.

బఠానీల గిన్నె పక్కకు జరిపి అత్తగారు లేచింది. గోడ పట్టుకుని మూలనున్న చిన్న అలమర దగ్గరికి వెళ్ళి చేతులు జోడించింది.

“తండ్రీ, మా ఇంటిల్లిపాదినీ చల్లగా చూడు. మా పెద్దమ్మాయి మోకాలు నొప్పి తగ్గించు. పక్కింటి పాపకు జ్వరం దిగేట్టు చూడు. ఆ సొరంగంలోకి దిగిన అవ్వని క్షేమంగా బయటికి తీసుకురా.”

అల్లుడు కాగితాలు పక్కన పెట్టి, “అత్తయ్యా, రాసేది నేను కదా. నన్నడగొచ్చు కదా,” అన్నాడు.

“నిన్నా?” ఆవిడ వెనక్కి తిరగనైనా లేదు. “మంత్రాల తాతయ్యప్పుడు నిన్నే అడిగాను. ‘చూద్దాం అత్తయ్యా’ అన్నావు. చూశాను. అందుకే పైవాడితో మాట్లాడుకుంటున్నాను. నీ చేతిలో ఏముంది పాపం, నువ్వు రాసేవాడివి.”

అప్పుడే బట్టల బుట్టతో లోపలికి వచ్చిన భార్య ఆ మాటకు పకపకా నవ్వింది.

“నవ్వకే,” అంది తల్లి. “నీకూ చెబుతున్నాను విను. నా కన్ను కోయించుకోమని ఇద్దరూ నా ప్రాణం తీస్తున్నారు కదా. సరే, కోయించుకుంటాను. ముందు ఆ అవ్వ బయటికి రానీ. ఆవిడ వస్తే నేనూ వెళ్తాను. ఆవిడ పోతే, నా దగ్గర ఆస్పత్రి మాట ఎత్తకండి.”

“అమ్మా! అది కథ!”

“నాకు తెలీదనుకున్నావా కథని? ఆవిడకీ కనబడదు, నాకూ కనబడదు. ఆవిడా ఎరగని చోటికి వెళ్తోంది, నేనూ వెళ్ళాలి. ఆవిడ సంగతి తేలనీ.”

అత్తగారి కళ్ళల్లో శుక్లాలు బాగా ముదిరాయి. ఇక తను అరగదీయగల అద్దం ఏదీ ఆవిడకు పనికిరాదని ఊళ్ళో అందరికంటే అల్లుడికే బాగా తెలుసు. ఇంకా ఆలస్యమైతే కష్టమని డాక్టరు హెచ్చరించాడు. ఎన్ని విధాల చెప్పినా లొంగని మనిషి ఇవాళ తనంతట తానే ఒప్పుకుంది. పెట్టిన షరతు మాత్రం ఇది.

మర్నాడు దుకాణంలో అద్దం అంచు నునుపు చేస్తూ అల్లుడు ఆలోచనలో పడ్డాడు. లేని మనిషి కోసం చేసిన ప్రార్థన ఎక్కడికి వెళుతుంది? పైవాడు విని, ‘ఈ అవ్వ నా జాబితాలో లేదే, ఈ పని ఆ కళ్ళజోళ్ళవాడిది’ అని తనకే పంపిస్తాడా? పోనీ, తన ప్రార్థనలు కూడా ఇలాగే పక్క గదిలో కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఎవరికో వినబడుతున్నాయా? ఆ ఊహకు భయం వేసి, లోపలే లెంపలు వేసుకున్నాడు.

మధ్యాహ్నం సంపాదకుడికి ఫోన్ చేశాడు. ఆయన ఇతన్ని ‘కళ్ళజోడుగారూ’ అని పిలుస్తాడు.

“అవ్వని బతికిద్దామనుకుంటున్నానండీ.”

“కళ్ళజోడుగారూ, ఒంట్లో బాగానే ఉందా? జోస్యం ఉండాలి, దారి చూపే పెద్దమనిషి ఉండాలి, ఆ పెద్దమనిషి పోవాలి. ఇవి మూడూ లేకపోతే పాఠకుడు ఇది ఏ రకం నవలో ఎలా గుర్తుపడతాడండీ? అట్ట మీద పోయిన అవ్వ బొమ్మ కూడా వేయించేశాను. మబ్బుల్లో నవ్వుతూ ఉంటుంది. చాలా బాగా వచ్చింది.”

“మా అత్తగారు...”

“మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. అవ్వని మాత్రం చంపండి.”

ఫోన్ పెట్టేశాక అల్లుడికి ఒకటి తోచింది. లోకాలు రాసే దేవుడి వెనకాల కూడా ఇలాంటి సంపాదకుడెవరైనా ఉన్నాడంటే, లోకం ఇలా ఎందుకుందో కొంత అర్థమవుతుంది. ఆ ఊహకు కూడా లెంపలు వేసుకున్నాడు.

చివరికి ఒక ఉపాయం పన్నాడు. సంపాదకుడికి పంపడానికి అవ్వ చనిపోయే అధ్యాయం రాసి సొరుగులో పెట్టాడు. అత్తగారికి వినిపించడానికి వేరే అధ్యాయం రాశాడు. ఆపరేషన్ అయి, ఆవిడ తన కళ్ళతో తను పుస్తకం చదువుకునే రోజు వచ్చినప్పుడు ఏం చేయాలో అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఆ రోజు తన వీపు విమానం మోత మోగుతుందని తెలుసు. అయినా ముందు కన్ను బాగుపడాలి కదా.

ఆదివారం వంటింట్లోనే చదవడం మొదలుపెట్టాడు. సొరంగం కూలుతోంది. అవ్వ చేతిలో దీపం నిలకడగా ఉంది. పిల్ల అవతలికి దాటింది. పైకప్పు పగిలింది. అంతలో ఎక్కడి నుంచో బంగారు రెక్కల డ్రాగన్ ఒకటి, అదీ మంచి డ్రాగన్, రివ్వున వచ్చి, అవ్వను వీపు మీద కూర్చోబెట్టుకుని ఎగిరిపోయింది. అల్లుడు గొంతులో కొంచెం వణుకు కూడా పలికించాడు.

అత్తగారు బఠానీ కాయ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

“ఆ డ్రాగన్ ఇంతసేపూ ఎక్కడ చచ్చింది?”

“కొండల వెనకాల ఉందత్తయ్యా.”

“ఊరంతా చీకట్లో మగ్గుతుంటే కొండల వెనకాల ఏం చేస్తోంది? నిద్రపోతోందా?” కాయ పళ్ళెంలో పడేసింది. “బాబూ, నేను చూడలేనని నాకు పసిపిల్ల కథ చెబుతున్నావా? ఇది నా కోసం రాశావు. అసలుది సొరుగులో ఉంది, కదూ?”

అల్లుడు భార్య వంక చూశాడు. ఆవిడ కిటికీ బయట ఏదో చాలా ముఖ్యమైనది ఉన్నట్టు అటు తిరిగిపోయింది.

“ఉంది,” అని ఒప్పుకున్నాడు.

“అందులో పోతుంది.”

“పోతుంది అత్తయ్యా. ఏం చేయను? ఇవతల ఎవరో ఒకరు దీపం పట్టుకోవాలి. కప్పు కూలుతుంది. పట్టుకున్నవాళ్ళు బయటపడే దారి లేదు. ఎటు తిప్పి చూసినా కుదరడం లేదు. మంచి డ్రాగన్ని అందుకే తెచ్చాను.”

ఇంతవరకూ ఆవిడ గొంతులో ఉన్న కోపం ఈ మాటతో దిగిపోయింది. ఇబ్బందిలో పడ్డ మనిషిని చూస్తే ఆవిడకు సాయం చేయకుండా ఉండడం చేతకాదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

“సరిగ్గా చెప్పు. ఆ సొరంగం ఎందుకు కూలుతుంది?”

“కూలాలి కాబట్టి...”

“ఎవరు తోస్తే?”

అల్లుడు తల గోక్కున్నాడు. ఎవరూ తోయలేదు. అవ్వ పోవాలి కాబట్టి కూలుతోంది, అంతే.

“అయితే కూలనివ్వకు. అది మానేస్తే సగం పీడ పోయింది. ఇక దీపం. అవ్వే ఎందుకు పట్టుకోవాలి? ఆ పిల్లకి చేతుల్లేవా?”

“పిల్ల జోస్యంలో పుట్టింది కదా, డ్రాగన్ దగ్గరికి పిల్లే వెళ్ళాలి.”

“జోస్యం ఏమని ఉంది? చదువు.”

అతను వెనక్కి తిప్పి మొదటి అధ్యాయం వెతికాడు. “‘వణకని చేయి గల పిల్ల వల్ల ఊరికి వెలుగు వచ్చును.’”

“అదిగో! వెళ్ళమని ఎక్కడుంది? వణకని చేయి అంటే దీపం పట్టుకునే చేయి. ముసలమ్మ చేయి వణక్కుండా ఎలా ఉంటుంది బాబూ, నా చేయి చూడు. ఆ పిల్లని ఇవతల నిలబెట్టు. కదిలితే ఊరుకోనని చెప్పు. అవ్వని అవతలికి పంపు. డ్రాగన్ని చూస్తే అందరికీ భయం. ఆవిడకి కనబడనే కనబడదు, ఇంక భయమేంటి? వెళ్ళి, ‘ఏమ్మా, ఎందుకు మింగావు ఆ వెలుగంతా, కడుపు నొప్పా?’ అని అడుగుతుంది. అంతే కదా, పెద్దవాళ్ళు చేసేది.”

అల్లుడు కలం కోసం జేబులు తడుముకున్నాడు. భార్య కిటికీ దగ్గర నుంచి వచ్చి, అది అతని చెవి మీదే ఉందని తీసి ఇచ్చింది.

సంపాదకుడు కొత్త అధ్యాయం చదివి మూలిగాడు. ఫోన్లో ఆ మూలుగు వంటింటి దాకా వినబడింది. “బాగుంది. అదే నా బాధ. అట్ట మీద మబ్బులేం చేసుకోను? పోనీ, చివర్లో డ్రాగన్నైనా చంపండి. ఎవరో ఒకరు పోకపోతే ఎలా?”

అల్లుడు ఫోన్ చేత్తో మూసి, “డ్రాగన్ని చంపమంటున్నారు అత్తయ్యా,” అన్నాడు.

“దాని వయసెంత?”

“వెయ్యేళ్ళు ఉండొచ్చు.”

“అయితే అదీ పెద్దదే. ముట్టుకోవద్దను.”

ఆపరేషన్ రోజు ఆస్పత్రి వరండాలో బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. అత్తగారి పెదవులు కదులుతున్నాయి. ఈసారి ఎవరి కోసమో అల్లుడు అడగలేదు. నర్సు వచ్చి, “అమ్మా, కళ్ళజోడు తీసేయండి, వెళ్దాం,” అంది.

ఆవిడ కళ్ళజోడు తీసింది. సీసా అడుగులంత మందం ఉన్న ఆ అద్దాలు అతను స్వయంగా అరగదీసినవే. అల్లుడి చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఆవిడ చేయి చల్లగా ఉంది.

“పట్టుకో. కదలకు.”

“కదలను అత్తయ్యా.”

“అవతల ఏముందో ఇంకా రాయలేదు కదూ?”

“లేదు. అవ్వ గుమ్మం దాటడం దగ్గర ఆపాను.”

“రాయకు. నేను చూసొచ్చి చెబుతాను.”

తలుపు మూసుకుంది. అల్లుడు కళ్ళజోడు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కూర్చోమని భార్య చెప్పింది, కూర్చోలేదు. టీ తెస్తానంది, వద్దన్నాడు. ఒకాయన వచ్చి, “ఇక్కడ లైను ఉందా?” అని అడిగి అతని వెనకాల నిలబడ్డాడు కూడా.

మర్నాడు కట్టు విప్పారు. అత్తగారు కన్ను చికిలించింది, తెరిచింది. కిటికీకి వేసిన తెర వంక చూసింది. “ఇది నీలమా?” అంది. “నీలం ఇలా ఉంటుందా? నీ సూర్యుణ్ణి నువ్వు చాలా తక్కువ చేసి రాశావు బాబూ.”

“అవతల ఏం కనబడింది అత్తయ్యా?” అల్లుడు నిజంగానే అడిగాడు. కలం చేతిలోనే ఉంది.

“డ్రాగన్ కనబడలేదు. వెలుగు కనబడింది. నీళ్ళల్లో రంగులు పోసి ఎవరో మెల్లిగా తిప్పుతున్నట్టు. భయం వేసింది. అప్పుడు అటు పక్క నుంచి ఎవరో, ‘నేనిక్కడే ఉన్నానమ్మా, అయిపోవచ్చింది’ అన్నారు. డాక్టరేలే. కానీ ఆ క్షణాన నాకు డాక్టరని తోచలేదు.” ఆవిడ అల్లుడి కలం వంక చూసింది. “అవతల కూడా ఒకరుంటారు బాబూ. అవ్వకి అది చెప్పు. అది రాయి.”

అతను రాసుకున్నాడు. తల ఎత్తేసరికి ఆవిడ అతని ముఖం వంకే చూస్తోంది, కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు.

“నీ నెత్తి ఎప్పుడు తెల్లబడింది?”

“చాలా కాలమైంది అత్తయ్యా.”

“అయ్యో. కుర్రాడివనుకుంటున్నాను.” ఆవిడ ముందుకు వంగి గొంతు తగ్గించింది. “జాగ్రత్త బాబూ. ఇకమీదట ఎవరి కథలోనూ దగ్గకు.”

సరిగ్గా అప్పుడే అల్లుడికి గొంతులో గరగరలాడింది. భార్య వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు, పైకప్పు వంక కూడా ఒకసారి చూశాడు. మెల్లిగా మింగేశాడు.