సలోమోను పెట్టిన కొరివి

ఆగిరిపల్లి క్రైస్తవ సంఘంలో మార్టిన్ మాస్టారికి తెలియని వాక్యం లేదు, ఆయన రాయని నియమం లేదు. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. బడిలో ఉండగానే ఆ లెక్కలన్నీ తెచ్చి సంఘం నెత్తిన పెట్టాడు, పాపం. ఆరాధన ఎన్నింటికి మొదలవ్వాలి, చెప్పులు ఏ వైపు విడవాలి, ఎవరు ఏ తప్పు చేస్తే ఎన్ని నెలలు బల్లకి దూరంగా ఉండాలి, అన్నీ గుండ్రటి అక్షరాలతో ఓ పుస్తకంలో రాసిపెట్టాడు. మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో మీకు ఆయన మీద ఒళ్ళు మండుతుంది.

బల్ల అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్క. నెలలో మొదటి ఆదివారం సంఘమంతా కలిసి ఓ రొట్టె ముక్క, ఓ గుక్కెడు ద్రాక్షరసం తీసుకుంటారు. ప్రభువు సిలువకెక్కే ముందు తన వాళ్ళతో చేసిన ఆఖరి భోజనానికి అది గుర్తు. ఆ వరసలో నిలబడనివ్వకపోతే మనిషికి ప్రాణం పోయినంత పనవుతుంది. మామిడికాయలు కోసే సలోమోను ఆ వరస తప్పింది ముప్పై ఏళ్ళలో ఒక్కసారే, అదీ టైఫాయిడ్ వచ్చి మంచం మీద ఉన్నప్పుడు.

ఇప్పుడు అతన్నే ఆరు నెలలు ఆపాలా వద్దా అన్నది మాస్టారు తేల్చాల్సి వచ్చింది.

జరిగింది ఇదీ. సలోమోను, చిన్నయ్య మామిడి కోతలో జంట. చిన్నయ్య కొమ్మెక్కి తొడిమతో సహా కాయ కోసి వదిలితే, సలోమోను కింద గోనె పట్టి నేల తగలకుండా అందుకునేవాడు. దెబ్బ తగిలిన కాయ పెట్టెలో కుళ్ళిపోతుంది మరి. వీళ్ళ చేతి కాయకి మచ్చ ఉండదని నూజివీడు షావుకార్లు సీజన్ మొదలవక ముందే వీళ్ళకి కబురు పెట్టేవారు. చిన్నయ్య కొండ మీద స్వామికి మొక్కేవాడు, సలోమోను ప్రార్థన గుడికొచ్చి మోకాళ్ళేసేవాడు. ఒకళ్ళ దేవుడి జోలికి ఇంకొకళ్ళు వెళ్ళింది లేదు. అన్నాల దగ్గర మాత్రం ఒకడి గిన్నెలో ఇంకొకడు చెయ్యి పెట్టేవాడు.

మే నెలాఖర్లో, కోత మధ్యలో, "ఛాతీలో పట్టేసినట్టుందిరా" అంటూ చెట్టు దిగి కూర్చున్న చిన్నయ్య మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు. విస్సన్నపేటలో ఉన్న అన్న కొడుకులు పాత గట్టు తగాదా మనసులో పెట్టుకుని, శవానిక్కూడా మొహం చూపించలేదు. ఛీ, ఏం మనుషులు! చిన్నయ్య భార్య నాగేంద్రమ్మ సలోమోను వైపు చూసింది. "మరిదీ, ఆయన నీతో ఓ మాట అనేవాడు కదా" అంది. నేను ముందు పోతే కొరివి నువ్వే పెట్టాలిరా అని చిన్నయ్య చెట్టు మీంచి నవ్వుతూ అనేవాడు.

సలోమోను బోరు కింద స్నానం చేసి, తడిబట్టలతో ముందు నడిచాడు. దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు, పలుకుతాడేమోనన్న ఆఖరి ఆశతో. సలోమోను పిలిచాడు. మూడోసారికి అతని గొంతు విన్న పాడె మోసేవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకున్నారట. తర్వాత కుండ భుజానెత్తుకుని మూడు చుట్లు తిరిగి, అయ్యవారు చెప్పినట్టు చేసి, కొరివి పెట్టాడు.

వారం తిరక్కుండానే ఆ సంగతి మాస్టారి అరుగు మీదికొచ్చింది.

తెచ్చినవాడు జోజిబాబు. హనుమాన్ జంక్షన్‌లో టైర్ల షాపు అతనిది. సంఘంలో మాస్టారి తర్వాత పెద్ద. ఆ శనివారం మధ్యాహ్నం షాపు మూసుకుని మరీ వచ్చి, కుర్చీ చివర కూర్చున్నాడు.

"ఏడో నియమం మాస్టారూ. అన్యకర్మలు చేసినవాళ్ళు ఆరు నెలలు బల్లకి దూరం. రాసింది మీరే."

"నేనే రాశాలే. ఇప్పుడు కాదన్నానా?"

"పాస్టరుగారు పెద్దలే తేల్చమన్నారు. రేపు బల్ల."

"పిల్లల్లేని స్నేహితుడు జోజీ. మనిషన్నాక..."

"నాకు మాత్రం ఎవరున్నారు మాస్టారూ ఆ రోజు?"

ఆ రోజు సంగతి మాస్టారికి బాగా గుర్తుంది. మీకూ చెప్పాలి.

ఇరవయ్యేళ్ళ కిందట జోజిబాబు కొత్తగా బాప్తిస్మం తీసుకుని ఏడాది తిరక్కుండానే అతని తండ్రి పోయాడు. తండ్రి హిందువు, జోజిబాబు ఒక్కగానొక్క కొడుకు. ఇంటి ముందు పాడె కడుతుంటే ఈ కుర్రాడు సైకిలేసుకుని పరుగున ఈ అరుగు మీదికే వచ్చాడు. "మాస్టారూ, నాన్నకి కొరివి పెట్టొచ్చా?" అని అడిగాడు. మాస్టారు గ్రంథం తెరిచి, రెండు వాక్యాలు చదివి, కూడదన్నాడు. బాబాయి కొరివి పెడుతుంటే జోజిబాబు దూరంగా కాలవ గట్టు మీద నిలబడి చూశాడు. కన్నతల్లి అతనితో మూడేళ్ళు మాట్లాడలేదు. ఆ తర్వాత మాట్లాడకుండానే పోయింది. మళ్ళీ ఎవరికీ ఇలాంటి అనుమానం రాకూడదని ఆ వారమే మాస్టారు ఏడో నియమం రాశాడు.

"సలోమోను చేసింది తప్పు కాదని మీరంటే," జోజిబాబు నేల వంక చూస్తూ అన్నాడు, "మరి నేను చేసిందేంటి మాస్టారూ?"

మాస్టారు కుర్చీ జోజిబాబు దగ్గరికి లాక్కున్నాడు. ఆఖరికి ఇద్దరూ ఓ మాటకొచ్చారు. సలోమోను రేపు సంఘం ముందు నిలబడి, "తప్పయింది, క్షమించండి" అని ఒక్క మాట అంటే చాలు, ఆరు నెలలూ మాఫీ. జోజిబాబు దానికి తలాడించాడు. రాతిమనిషేం కాదు.

మాస్టారు వెంటనే మోపెడ్ తీశాడు. తోటల మధ్య మట్టిరోడ్డు మీద పోతూ బుర్ర నిండా లెక్కలే. విగ్రహం లేనిచోట విగ్రహారాధన ఏంటి? లేదు. నిప్పు పెట్టడం పూజా? కాదు. పోనీ ఆ అయ్యవారు చెప్పిన మంత్రాలున్నాయి. అవి పైపైన పలికి, మనసులో ప్రభువు ప్రార్థన చేసుకుని ఉంటే? ఉంటాడు! సలోమోను సంగతి నాకు తెలీదూ! అంత మంచి సందు దొరికేసరికి మాస్టారు తనకి తనే నూటికి నూరు మార్కులేసుకుని, ఓ గుంటలో పడబోయి తమాయించుకున్నాడు.

సలోమోను రేకుల షెడ్డులో కూర్చుని రసాలు ఏరుతున్నాడు. మాస్టారిని చూసి గబుక్కున లేచి, మోకాటి మీద ఉన్న గడ్డి దులుపుకున్నాడు.

"రండి మాస్టారూ. ఈ కాయ తినండి, చెట్టున పండింది."

"కాయ సంగతి తర్వాత. ఇది చెప్పు. కొరివి పెట్టేటప్పుడు మనసులో ప్రభువు ప్రార్థన చేసుకున్నావు కదూ?"

సలోమోను కాసేపు ఆలోచించాడు. అబద్ధం చేతకాని మనిషి ఆలోచిస్తే చూసేవాళ్ళకి భయమేస్తుంది.

"లేదండి."

"సరిగ్గా గుర్తు తెచ్చుకో!"

"అయ్యవారు చెప్పమన్నది చెప్పానండి. నోరు తిరగనివి మళ్ళీ అడిగి చెప్పించుకున్నా. చిన్నయ్యకి చెయ్యాల్సింది సరిగ్గా చెయ్యాలి కదా అని. మనసులో ప్రభువు లేడండి, ఎవరూ లేరు. చిన్నయ్యొక్కడే ఉన్నాడు."

ఓరి దేవుడా, మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడట! మాస్టారు నుదురు కొట్టుకున్నాడు.

"సరే పోనీ. రేపు లేచి తప్పయిందని ఒక్క మాట అను. అంతే. మిగతాది నేను చూసుకుంటా."

"బాధ లేదండి మాస్టారూ నాకు."

"బాధ ఉండక్కర్లేదయ్యా, మాట అంటే చాలు."

"లేని బాధ ఉందని చెప్తే అబద్ధం కదండి. అబద్ధమాడి రొట్టె ఎలా అందుకునేది? దానికంటే ఆరు నెలలు వెనక కూర్చుంటా." అంటూనే అతని కళ్ళు నిండిపోయాయి. "నేనేమైనా ప్రభువుని వదిలేశానా మాస్టారూ? ఆయనంటే నాకెంతో ఆయనకి తెలుసు. కానీ వదిన అలా చూస్తుంటే కాదని ఎలా అనేది?"

ముప్పయ్యేళ్ళు పిల్లలకి రుజువులు నేర్పిన మనిషి ఆ షెడ్డులో ఓడిపోయి, పండు చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు.

ఇంట్లో భార్య సువార్తమ్మ చింతపండు పిసుకుతోంది. మొత్తం విని, "మీకు జవాబు ఎప్పుడో తెలుసు. ఇప్పుడు దానికి లెక్క కడుతున్నారంతే" అంది.

"లెక్క చెయ్యకుండా జవాబు రాసినవాడికి నేను సున్నా వేసేవాణ్ణి."

"వేసే ఉంటారు, పాపం ఆ పిల్లలు. ఏవండీ, మిమ్మల్ని తినేస్తోంది సలోమోను కాదు. జోజి."

మాస్టారు ఆమె మీద కోపంగా పెరట్లోకి వెళ్ళిపోయాడు. నలభై రెండేళ్ళుగా ఆమె నిజం చెప్పిన ప్రతిసారీ ఆయన పెరట్లోకే వెళ్తాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. సలోమోను ఆఖరి చాప మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భార్య అతన్ని చూడలేక కొంగు అడ్డం పెట్టుకుంది. తెల్లగుడ్డ కింద రొట్టె సిద్ధంగా ఉంది. పాస్టరుగారు సైగ చెయ్యగానే మాస్టారు కాగితం పట్టుకుని లేచాడు. కాగితంలో ఆరు నెలలనే రాసుంది. ఇంకేం రాయాలో ఆయనకి తోచలేదు.

"సంఘ సహోదరుడు సలోమోను..." అని మొదలుపెట్టాడో లేదో, గుమ్మం దగ్గర అలికిడయింది.

నాగేంద్రమ్మ. భర్త పోయి పదకొండు రోజులు కాలేదు, ఇల్లు కదలకూడని మనిషి. జుట్టు విరబోసుకుని, ఎండలో నడిచొచ్చి, గడప బయటే ఆగింది.

"పెద్దలకి దణ్ణాలండి. మైల మనిషిని, లోపలికి రాను. ఇక్కణ్ణించే ఓ మాట చెప్పుకుని పోతా."

సలోమోను "ఎందుకొచ్చావు వదినా!" అంటూ సగం లేచాడు.

"నువ్వు కూర్చో మరిదీ. మా ఆయనకి కొరివి పెట్టాడని మీరు తప్పేశారంటండి. ప్యాకింగ్ షెడ్డు ఆడాళ్ళు పలకరించడానికొచ్చి చెప్పుకుంటుంటే విన్నా. మా కులంలోనూ ఉంది ఆ పద్ధతి. పెద్దలు తప్పేస్తే, ఆ జరిమానా చేసినోడే కట్టాలని లేదు. వాడి బదులు ఇంకొకళ్ళు కట్టుకోవచ్చు. అడిగింది నేనండి. మరిది నా మొహం చూసి చేశాడు. ఆ శిక్షేదో నాకెయ్యండి. ఆరు నెలలు నన్ను ఆపండి. ఆయన్ని మీ బల్లకి రానివ్వండి."

ముందు వరసలో ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. ఏనాడూ గుడి మెట్టెక్కని మనిషిని బల్ల నుంచి ఎలా ఆపుతారు? పెద్దవాళ్ళెవరూ నవ్వలేదు.

మాస్టారు కాగితం కిందికి దించాడు. ఒకరి శిక్ష ఇంకొకరు తన మీద వేసుకోవడం! ప్రభువు సిలువ మీద చేసింది అదేనని నలభై ఏళ్ళుగా సండే స్కూల్లో పిల్లలకి ఆయన చెప్తున్నాడు. ఈవిడ ఒక్క క్లాసుకీ రాలేదు. వచ్చి, గడప బయట నిలబడి, ఆయన పాఠం ఆయనకే అప్పజెప్తోంది. సిగ్గేసింది ఆయనకి. ఎప్పుడూ పడనంత సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గులోనే ఏదో హాయిగా కూడా ఉంది, ఏడుపొచ్చేంత హాయి.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని, జోజిబాబు వైపు తిరిగాడు.

"జోజీ, ఆ రోజు నువ్వు సైకిలు మీదొచ్చి అడిగావు. నేను పుస్తకం చూశాను, నీ మొహం చూడలేదు. పెట్టినా పెట్టకపోయినా ప్రభువు నిన్ను వదలడని చెప్పి, నీతో పాటు గట్టు దాకా అయినా రావాల్సింది. నేనిక్కడే కూర్చున్నాను. నువ్వు చేసింది తప్పు కాదు నాయనా, నమ్మి చేశావు. తప్పు నాది. తప్పయింది, నన్ను క్షమించు."

సలోమోను నోటి నుంచి రావాల్సిన ఆ ఒక్క మాటా మాస్టారి నోటి నుంచి వచ్చేసరికి సంఘం నివ్వెరపోయింది. సువార్తమ్మ కళ్ళొత్తుకుంది. జోజిబాబు తల దించుకున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. ఎత్తాక, మొహం తుడుచుకోకుండానే మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. క్షమించానన్నట్టు తల ఊపాడు.

గుమ్మంలో నాగేంద్రమ్మకి ఇదంతా ఏమిటో అర్థం కాలేదు. కంగారుపడింది. వీళ్ళు తన సంగతి తేల్చకుండా ఏవేవో మాట్లాడుకుంటున్నారు.

"అయ్యా, మరి ఆ తప్పు ఎవరు కట్టాలి?" అంది.

జోజిబాబు చాపల మధ్యనుంచి నడిచి గడప దగ్గరికి వెళ్ళాడు.

"కట్టేశారమ్మా" అన్నాడు. "ఎప్పుడో, మనందరి బదులూ కట్టేశారు. మేమే మర్చిపోయాం. సలోమోను బల్లకొస్తాడు. ఎండలో ఎంతసేపు నిలబడతావు, లోపలికి రా."

"మైల బాబూ."

"మాకు లేదమ్మా" అంటూ జోజిబాబు ఆమె చెయ్యి పట్టుకుని గడప దాటించాడు.