బద్ధకపు రాయి మీద కోడికూత

జంపక్క తన ఎర్రపుంజును ముత్యాలమ్మకు మొక్కుకున్నది. పందేలకు దాన్ని ఇమ్మని మోతుబరి చెంచురామయ్య ఎన్నిసార్లు అడిగినా, "అమ్మోరిది పటేలా, నీకెట్ల ఇస్త?" అని జంపక్కది ఒకటే మాట. ఊరికి పంచాయతీలు చెప్పే మనిషాయె, ఇంకా బతిమాలితే పరువు తక్కువ. అడగడం మానేసిండు.

చలికాలం. పొద్దుగూకినంక ఊరంతా రాత్రిబడి ముందర పెట్రోమాక్స్ లైటు చుట్టూ చేరింది. ఇదే అదనని చెంచురామయ్య జంపక్క వాకిట్ల గంప ఎత్తిండు. పుంజును గొంగడి కింద దోపుకొని బడి పక్క సందులోంచి జారుకుంటుంటే పాఠం చెప్పే గురవయ్య సారు కంట పడ్డడు.

"రండి రండి! తమలాంటి పెద్దమనిషే తక్కువైండు."

ఆ పూట ఆకాశం పాఠం. పెట్రోమాక్సే సూర్యుడు. అంగారకుడికీ గురుడికీ నడుమ లెక్కలేనన్ని రాళ్లు తిరుగుతుంటయట. ఆ రాళ్ల వేషం మనవాళ్లదే. తండా నుంచి వచ్చిన భద్రు, లచ్చిరాం బొంగరాల లెక్క గిర్రున తిరుగుతూ దీపం చుట్టూ పోతున్నరు.

"నాకు నడుంనొప్పి సారూ," అన్నడు చెంచురామయ్య, రెండు చేతులూ గొంగడి లోపలే బిగబట్టి.

"మరీ మంచిది. వీటిల్ల ఒక బద్ధకపు రాయుంది. తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేసరికి మనకు నెల దాటుతది. అది మీరే."

కాదంటే అనుమానం. దీపానికి వీపు పెట్టి, కాలికింద గుడ్డున్నట్టు మెల్లగ తిరగబట్టిండు.

"చూడండి, ఎంత చక్కగ చేస్తున్నరో! ఇప్పుడాయన వీపు మీద పగలు, రొమ్ము మీద రాత్రి. పక్షం దాటిన రాత్రి!"

"అమ్మో! మరి ఆ రాయి మీద కోళ్లు ఎప్పుడు కూస్తయి సారూ?" అన్నది జంపక్క.

అందరూ నవ్విండ్రు. చెంచురామయ్య గొంగడిని ఇంకింత దగ్గరికి లాక్కొని ఆగిపోయిండు.

"ఆగొద్దు పటేలా, రాయి ఆగదు," అన్నడు సారు.

వీపు పోయి భుజం వచ్చింది. భుజం పోయి రొమ్ము వచ్చింది. గొంగడి సందులోంచి వెలుగు దూరింది. అంతదాకా చీకట్ల ముడుచుకున్న పుంజు మెడ బయటికి సాచి, పొలిమేర దాకా వినపడేటట్టు కూసింది.

అందరి కళ్లూ గొంగడి మీద పడ్డయి.

"పాఠానికి పనికొస్తదని... నేనే తెచ్చిన," అన్నడు చెంచురామయ్య.

జంపక్క లేచొచ్చి పుంజును చంకనేసుకున్నది. "మంచిపని చేసినవ్ పటేలా. మొయ్యడం అలవాటైంది గద, ఆదివారం అమ్మోరి దాకా నువ్వే మొయ్యి."

మోసిండు. వెనక డప్పులు ఎంత తరిమినా ఆయన నడక మాత్రం ఆ రాయి లెక్కనే సాగింది.