ఎండిన కాలువలో సైకిలు

నాన్న కాలువ మధ్యలో నిలబడి ఉన్నాడు, నీళ్లు లేవు, ఎండాకాలమని కాలువలు కట్టేశారు, అడుగున బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా లేచింది, నేను చెప్పులు చేత్తో పట్టుకుని ఆ పెచ్చుల మీద నడుస్తూ ఆయన దగ్గరికి వెళ్తున్నాను, నాకు యాభై రెండేళ్లని తెలుసు, గౌను వేసుకున్నానని కూడా తెలుసు, రెండూ ఎలా కుదిరాయో మాత్రం అడగాలనిపించడం లేదు. నాన్న పోయి పదకొండేళ్లు. లాకుల దగ్గర లస్కరుగా పనిచేసినన్నాళ్లూ వేసుకున్న ఖాకీ చొక్కాయే ఇప్పుడూ ఒంటి మీద ఉంది.

"వచ్చావా సుగుణా," అంటాడు.

"నేను మాణిక్యాన్ని," అంటాను. చచ్చాక కూడా మారలేదు మనిషి.

"అదేలే, మాణిక్యం. ఇంత ఎండలో వచ్చావేంటే, నెత్తిన గుడ్డన్నా వేసుకోకుండా?"

ఈ తియ్యటి మాటలకేం లోటు లేదు ఎప్పుడూ. ఏడాదంతా లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని, వేసవిలో నీళ్లు ఆపేసిన రెండు నెలలూ మాత్రం ఖాళీ, "ఎండిన కాలువంత మంచి రోడ్డు లేదే, బస్సు రాదు, లారీ రాదు, ఈ ఏడు నీకు సైకిలు నేర్పేస్తాను చూడు" అని ప్రతి మార్చిలోనూ అనేవాడు, ఏప్రిల్ రాగానే పై లాకు దగ్గర మరమ్మతులున్నాయని సంచీ సర్దుకుని వెళ్లిపోయేవాడు, జూన్‌లో నీళ్లు వదిలాకే ఇంటి మొహం చూసేవాడు. నేను పిచ్చిదాన్ని, ప్రతి ఏడూ నమ్మేదాన్ని.

నడుస్తుంటే గట్లు రెండూ గోడలవుతున్నాయి, పచ్చరంగు వేసిన ఆసుపత్రి గోడలు, నాన్న అక్కడ మంచం మీద పడుకుని ఉన్నాడు, అయినా నా పక్కన నడుస్తూనే ఉన్నాడు, మంచం కింద నత్తగుల్లలు పరుచుకుని ఉన్నాయి. ఆఖరి పది రోజులూ ఈ మంచం పక్కనే కూర్చున్నాను నేను. పక్షవాతంతో ఆయన మాట పడిపోయింది. అడగాల్సింది గొంతులోనే పెట్టుకుని పాలు పట్టాను, పక్క మార్చాను.

"ఇప్పుడు మాట వస్తోందిగా," అంటాను.

"వస్తోంది. అడుగు."

"నా పదేళ్లప్పుడు, అమ్మ క్యారేజీ ఇచ్చి నన్ను నీ దగ్గరికి పంపింది. కాలువలోంచే నడిచొచ్చాను, రెండు మైళ్లు."

"మామిడికాయ పప్పు," అంటాడు నాన్న, కళ్లు మూసుకుని.

"ఎండురొయ్యల వేపుడు కూడా. పై లాకు దగ్గర మరమ్మతులూ లేవు, మనుషులూ లేరు. నువ్వున్నావు. నీ సైకిలు మీద నా ఈడు పిల్ల ఉంది, సీటు అందక బారు కింద నుంచి కాలు పెట్టి తొక్కుతోంది, నువ్వు వెనక పట్టుకుని పరిగెడుతున్నావు. గట్టు మీద వాళ్లమ్మ నిలబడి నవ్వుతోంది. నువ్వు సుగుణా అన్నావు, ఆ పిల్ల నిన్ను నాన్నా అంది."

గోడలు మళ్లీ గట్లయిపోయాయి, ఎండకి నెత్తి మాడుతోంది.

"క్యారేజీ నాకు అందలేదు," అంటాడు నాన్న.

"ఎలా అందుతుంది? కాలువలో గుమ్మరించేశాను. అంతా తిన్నావని అమ్మకి చెప్పాను. ఖాళీ గిన్నెలు చూసి మురిసిపోయింది అమ్మ. మర్నాడు ఇంకో గరిటె ఎక్కువ పెట్టి పంపింది, అదీ గుమ్మరించాను. ఆ వేసవంతా అదే పని నాకు. ఇప్పటికీ అమ్మకి సుగుణ సంగతి తెలీదు. అది సరే నాన్నా. నువ్వు ఒకసారి ఇటు తిరిగావు. నన్ను చూశావా, లేదా? అదొక్కటీ చెప్పు."

చూడలేదని చెప్తే చాలు. అబద్ధమైనా సరే, నలభై రెండేళ్ల బరువు ఇక్కడే దించేసి వెళ్లిపోతాను.

"చూశాను."

"చూసి?"

"సైకిలు వదిలేస్తే పిల్ల పడిపోద్ది కదే."

"మరి నేను?"

నాన్న నా వైపు ఎంతో మామూలుగా, చిన్నపిల్లకి లెక్క చెబుతున్నట్టు చూస్తాడు. "నువ్వు నిలబడే ఉన్నావుగా," అంటాడు.

ఒళ్లంతా కారం రాసినట్టయింది నాకు. కొట్టాలని చెయ్యెత్తితే చేతిలోకి సైకిలు హేండిలు వస్తుంది, అదే నల్ల సైకిలు, నాన్న వెనక్కి నడిచి సీటు తుడిచి పట్టుకుంటున్నాడు. "ఎక్కు, ఇప్పుడు నేర్పుతాను. నీళ్లు వదలడానికి ఇంకా టైముంది."

"నాకొచ్చు."

"ఎవరు నేర్పారే?"

"నీకెందుకు? చెయ్యి తియ్యి. నా సైకిలు ముట్టుకున్నావంటే ఊరుకోను," అని గట్టిగా అంటాను, ఎక్కి తొక్కేస్తాను, పెచ్చులు టపటపా విరుగుతుంటే వెనక ఆయన అడుగులు వినిపిస్తాయి, దగ్గరగా, తర్వాత దూరంగా, ఎక్కడో పైన తలుపులెత్తిన చప్పుడు, తడిమట్టి వాసన, "మాణిక్యం, గట్టెక్కవే, నీళ్లొచ్చేత్తన్నాయి," అని అరుస్తున్నాడు, నేను వెనక్కి తిరగను, చచ్చినా తిరగను.

ఎవరో భుజం పట్టుకుని కుదుపుతున్నారు. అమ్మ. మధ్యాహ్నం మూడు గంటలు, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది, తలగడంతా చెమట.

"ఏంటే ఆ కేకలు? వీధిలోకి వినపడతన్నాయి," అంటుంది అమ్మ, కొంగుతో నా మెడ తుడుస్తూ.

"ఏమన్నాను?"

"'పట్టుకో నాన్నా, వదిలెయ్యకు నాన్నా' అని ఒకటే గోల. ఆయనెప్పుడు పట్టుకున్నాడే నిన్ను? చీర ఎగదోపుకుని నీ సైకిలెనకాల నెల్లాళ్లు పరిగెత్తింది నేను కదా," అని పళ్లు లేని నోటితో నవ్వుతుంది.

"నువ్వేనమ్మా," అందామని నోరు తెరుస్తాను. అరిచి అరిచి గొంతు పోయింది, మాట బయటికి రావడం లేదు.