రోవీనా కార్డు వచ్చిన రోజు

ఆగండాగండి, చేతిలో పని పక్కన పెట్టి ముందు ఇది వినండి. షెరీఫ్ పోలీసు బండి ఇంకా మలుపు తిరగలేదు. అది వచ్చేలోగా చెప్పేయాలి.

రోవీనా తుంటి విరగ్గొట్టింది ఆమె మొగుడు హోయ్ట్. అప్పుడు ఇద్దరూ ఆర్కెన్సాలో కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఓ శనివారం ఫుట్‌బాల్‌లో వాడు అభిమానించే జట్టు ఓడిపోయింది. ఆ కోపంలో, నడుస్తున్న ట్రక్కు తలుపు తీసి ఆమెను కాలితో తన్ని రోడ్డు మీదికి తోసేశాడు. డాక్టర్లు లోపల స్టీలు పట్టీ వేశారు. అప్పట్నుంచి కాస్త చలిగాలి తగిలితే చాలు, ఎవరో ఎముకలో మర మేకు తిప్పుతున్నట్టు ఉంటుంది. నొప్పి మాత్రలు రాసిచ్చారు గానీ ఒక్కటీ మింగలేదు. వాళ్లమ్మ ఆ మాత్రలకే బానిసై వంటింటి నేల మీద నీలంగా మారిపోయి చచ్చిపోయింది. చూసింది రోవీనాయే.

అందుకే హోయ్ట్‌ని వదిలేసి, సరిహద్దు దాటి ఓక్లహోమాలోకి, పెద్దమ్మ ఓపల్ ట్రైలర్ ఇంటికి వచ్చిపడ్డాక ఆమెకు ఒక్కటే కోరిక: గంజాయి కార్డు. డాక్టరు సంతకం చేస్తే ఇక్కడ దుకాణంలో దర్జాగా కొనుక్కోవచ్చు. రాత్రి నిద్రపోవచ్చు! కానీ ముందు ఈ రాష్ట్రం మనిషినని రుజువు చూపించాలి.

"కరెంటు బిల్లులో నీ పేరు ఎక్కిస్తా, ఇక్కడి డ్రైవింగు లైసెన్సు తెచ్చుకో. నీకు గూడు ఉందని చెప్పడానికే ఇది. ఆ దిక్కుమాలిన ఆకు కోసం కాదు, విన్నావా పిల్లా?" అంది ఓపల్.

"విన్నా పెద్దమ్మా. ఆకు అనకు, మందు అను."

"సాతాను కూడా మందే అంటాడు."

ఊళ్లో గంజాయి దుకాణం నడిపే లాంజో కూడా ఆమెను కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. "అమ్మాయ్, కార్డు వచ్చాక తుపాకీ ముట్టుకోకు. గంజాయి వాడేవాళ్ల చేతిలో తుపాకీ ఉంటే, ఇక్కడి చట్టం ఊరుకున్నా దేశమంతటికీ ఉన్న వాషింగ్టన్ చట్టం ఊరుకోదు. దొరికితే జైలే."

"మా ఆయన వస్తే?"

"పరిగెత్తు."

"తుంటిలో ఇంత ఇనుము పెట్టుకుని ఎక్కడికి పరిగెత్తను బాబాయ్?"

రోవీనా ఆ సాయంత్రమే హోయ్ట్ భయంతో దగ్గర ఉంచుకున్న పిస్తోలు పక్కింటాయనకి ఇచ్చేసింది. కార్డు కోసం చేతిలో ఉన్న ఒక్క రక్షణా వదులుకుంది. ఓపల్ గదిలో, పాముల కోసం పెట్టుకున్న పాత షాట్‌గన్ మాత్రం మిగిలింది. అది ఓపల్‌ది.

ఇక బుధవారం ప్రార్థన కూటం. చర్చిలో ఎవరి బాధ వాళ్లు లేచి చెప్పుకుంటారు కదా, ఓపల్ కూడా లేచింది. కళ్లనీళ్లతో, "మా చెల్లెలి కూతురు రోవీనా నా ఇంట్లోనే ఉంది. గంజాయి కార్డు తీసుకుంటానంటోంది. దాని మనసు మారాలని ప్రార్థించండి," అంది.

అందరూ ప్రార్థించారు. ఇళ్లకెళ్లి ఫోన్లు చేసి ఇంకొందరి చేత చేయించారు. ఆ ప్రార్థన ఇంటింటికీ పాకుతూ సరిహద్దు దాటి హోయ్ట్ వాళ్లమ్మ చెవిన పడింది. ఆవిడ కూడా భక్తిగా ప్రార్థించి, కొడుక్కి బీన్సూ మొక్కజొన్న రొట్టే వడ్డిస్తూ సంగతంతా చెప్పేసింది.

వాడు ఇవాళ మధ్యాహ్నం వచ్చాడు. ఓపల్ పొయ్యి మీద పెద్ద గంగాళంలో, నిలవ పెట్టడానికి పీచ్ పండ్ల పాకం సీసాలు మరిగిస్తోంది. తలుపు గొళ్లెం ఊడి ఎగిరిపడింది. హోయ్ట్ చేతిలో ఒక కవరు. ఇంటి ముందున్న పోస్టు డబ్బాలోంచి తీసి చించేశాడు.

"ఏమే గంజాయి రాణీ! ఫొటోలో బాగానే పడ్డావే," అంటూ కార్డు ఆమె ముఖాన కొట్టాడు.

"బయటికి నడువు హోయ్ట్."

"మొగుడు చేసిన గాయానికి గవర్నమెంటు మందా? సిగ్గు లేదూ?"

బూటుతో సరిగ్గా ఆ తుంటి మీదే తన్నాడు. రోవీనాకి కళ్లు బైర్లు కమ్మాయి. పడుతూ పడుతూ మరిగే సీసా ఒకటి లాగి విసిరింది. వాడి మెడ మీద పగిలింది. చర్మం ఊడొచ్చింది. వాడు అరుస్తూనే ఆమె జుట్టు పట్టుకుని పొయ్యి అంచుకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. పన్ను ఊడి నాలుక మీద పడింది. గొంతు మీద వాడి రెండు బొటనవేళ్లు.

ఓపల్ సీసాల పట్టకారుతో వాడి వీపు మీద బాదింది. వాడు తిరిగి ఆ ముసలి చెయ్యి పట్టుకుని మెలిపెట్టాడు. మణికట్టు ఫట్‌మంది. ఆమెను ఫ్రిజ్‌కేసి విసిరి, కిందపడ్డాక కడుపులో తన్నాడు. మళ్లీ కాలెత్తాడు.

తనను కొడుతున్నంతసేపూ రోవీనాకి తుపాకీ గుర్తు రాలేదు. పెద్దమ్మ మూలుగు విన్నాక వచ్చింది. గాజు పెంకుల మీద పాకుతూ ఓపల్ గదిలోకి వెళ్లి షాట్‌గన్ అందుకుంది.

"హోయ్ట్!"

వాడు తిరిగాడు. పేల్చింది. మోకాలు ఉన్నచోట ఏమీ మిగల్లేదు.

ఓపల్ వాడి తొడకు తువ్వాలు కట్టమని అరిచింది. రోవీనా కట్టింది, షెరీఫ్‌కి ఫోనూ చేసింది. నేల మీద నెత్తురూ పీచ్ పండ్ల పాకమూ కలిసి కాళ్లకి అంటుకుంటున్నాయి. అంత నొప్పిలోనూ హోయ్ట్ నవ్వాడు.

"రానీ వాళ్లని. కార్డు మీద నీ మొహం, తుపాకీ మీద నీ వేళ్లు. నేను ఆసుపత్రికి, నువ్వు జైలుకి."

కార్డు పొయ్యిలో పడేసినా లాభం లేదు, పేరు రాష్ట్రం కంప్యూటర్లో ఉంది.

"తుపాకీ ఇటివ్వు తల్లీ," అంది ఓపల్ గోడకి ఆనుకుని. "నేనే పేల్చాను."

పాస్టరుగారి భార్య కేకు బాగాలేకపోతే బాగుందని అనలేని మనిషి ఓపల్. పుట్టి బుద్ధెరిగి అబద్ధం ఆడలేదు.

"విరిగిన చేత్తో ఎలా పేల్చావంటారు పెద్దమ్మా?"

"పేల్చాకే విరిగిందంటాను."

"కోర్టులో బైబిలు మీద ప్రమాణం చేయిస్తారు."

"చేస్తా. బుధవారం వీణ్ణి ఇంటికి పిలిచింది నా నోరే కదే. అదే నోటితో నిన్ను కాపాడుకోనీ."

"దీనికి వంద ప్రార్థనలు చేసినా నరకం తప్పదే ముసలీ," అన్నాడు హోయ్ట్ కిందనుంచి.

ఓపల్ వాడి వైపు చూడలేదు. బాగున్న చెయ్యి చాపి అలాగే ఉంది. కొండ దిగువన సైరన్ మోగుతోంది. రోవీనా చేతిలో తుపాకీ గొట్టం ఇంకా వేడిగానే ఉంది.

మీరైతే చెప్పండి, ఆ తుపాకీ ఆమె చేతికి ఇస్తారా?