పుణ్యవతి పాదాల కొలత

పుణ్యవతికి యాభై ఆరేళ్లు. విద్యుత్ శాఖలో సూపరింటెండెంటు. భీమవరం నుంచి వచ్చి కొండాపూర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లయింది. పొద్దుటి నడకలో ఆమెకు స్నేహితురాలైంది సక్కుబాయి. గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఇద్దరూ ఒకరినొకరు ఎగదోసుకుని వికారాబాద్ అడవుల్లో జరిగే పద్దెనిమిది కిలోమీటర్ల ట్రైల్ రన్‌కి, అంటే కొండదారి పరుగుకి, పేర్లిచ్చేశారు.

సాధన చేద్దామని ఓ ఆదివారం దగ్గర్లోని రాళ్లగుట్ట ఎక్కారు. దిగేటప్పుడు పుణ్యవతి వాకింగ్ బూట్లు జారి, ఆమె కూర్చున్న భంగిమలోనే రెండు గజాలు ప్రయాణం చేసింది.

"రేపు పొద్దున్నే వెళ్లి మంచి బూట్లు కొనేద్దాం సక్కూ," అంది చీర దులుపుకుంటూ.

"పొద్దుగాల వద్దక్కా. దినమంత నిలబడే మనిషిని, నాకెరుక. సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఉబ్బుతయి. అప్పుడు పట్టిందే మన బూటు."

అలా మర్నాడు సాయంత్రం హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్కనున్న బూట్ల షాపుకి వెళ్లారు. మధుకర్ అనే నడివయసు సేల్స్‌మన్ ఎదురొచ్చాడు. అతనూ పరుగులవాడే.

"ఆరో నంబరండి. ఆ గులాబీ రంగువి," అంది పుణ్యవతి.

"ముందు కొలుద్దాం మేడమ్. నిలబడండి."

ఎడమ పాదం ఎనిమిది వచ్చింది. కుడిది ఏడున్నర.

"మీ కొలత తప్పండి. పెళ్లైనప్పటి నుంచీ నాది ఆరే."

"అప్పట్నుంచి ఎవరన్నా కొలిచిండ్రా మేడమ్?"

పుణ్యవతి ఆలోచించింది. ఎవరూ కొలవలేదు. ఆరు అని అడగడం, కరుస్తుంటే రేపటికి వదులవుతాయిలే అనుకోవడం, అంతే. ముందు సక్కుబాయి నవ్వింది. "ఇన్నేండ్లు రెండు నంబర్లు ఏడ దాచినవక్కా?" అనేసరికి పుణ్యవతికీ నవ్వు ఆగలేదు. బెంచీ మీద కూలబడి కళ్లు తుడుచుకుంది.

షాపులో ఒక చెక్క వాలు ఉంది, దానిమీద గులకరాళ్లు అతికించారు. గులాబీ బూట్లు ఎనిమిదిలో వేసుకుని దిగితే వేళ్లు ముందుకెళ్లి తగిలాయి.

"దిగుతుంటే వేళ్లు తగిలినయా, అయితే అది వద్దు," అన్నాడు మధుకర్. "ముందర బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలె. మడమ మాత్రం కదలొద్దు."

ఏడు జతలు అయ్యాక అతను బూడిదరంగు జత ఒకటి తెచ్చాడు. ముందుభాగం వెడల్పు, అడుగున పట్టుకోసం మొనదేలిన పళ్లు.

"ఇవి మగవాళ్లవి కదండీ!"

"కాలుకేమెరుక అక్కా? తొడుగు," అంది సక్కుబాయి.

తొడిగింది. వేళ్లు ఐదూ విడివిడిగా పరుచుకున్నాయి. ఒళ్లంతా చక్కిలిగింత పుట్టింది. వాలు ఎక్కి దిగింది. మళ్లీ ఎక్కింది. సక్కుబాయి కూడా తనకు నచ్చిన జతతో వెనకే ఎక్కింది. మెడలో కంపెనీ కార్డులతో వచ్చిన కుర్రకారు తమ బూట్లు మరిచిపోయి వీళ్లనే చూస్తున్నారు.

"కాస్త బయట కూడా చూస్తామండి," అంటూనే పుణ్యవతి తలుపు దాటేసింది. బిల్లు కాని బూట్లు గడప దాటాయని అలారం కుయ్‌మంది. ఆ మోతకి ఆగాల్సింది పోయి పరుగందుకుంది. ఆమె వెనక సక్కుబాయి, వాళ్ల వెనక మధుకర్. మెట్రో స్తంభాల మధ్య, ఆఫీసు బస్సుల పక్కన, పగిలిన పలకల మీదుగా ముగ్గురూ పరుగే పరుగు. పైపుల కోసం తవ్విపోసిన కంకరగుట్ట అడ్డొచ్చింది. ఇద్దరూ దానిమీదికి ఎక్కేశారు.

మధుకర్ కింద నిలబడి రొప్పుతూ అరిచాడు. "మేడమ్! దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు! కిందికి చూడకుండ్రి, జర ముందుకు చూడుండ్రి!"

పుణ్యవతి చిన్న అడుగులతో టకటకా దిగింది. ఒక్క రాయి కూడా జారలేదు. తర్వాత ముగ్గురూ బుద్ధిగా వెనక్కి నడిచి వెళ్లి బిల్లు వేయించుకున్నారు.

ట్రైల్ రన్‌లో చివరి రెండు కిలోమీటర్లూ దిగుడే. కుర్ర ఇంజనీర్లు చెట్లు పట్టుకుని పక్కవాటంగా అడుగులేస్తున్నారు. పైనుంచి, "దారివ్వండమ్మా, దారి!" అన్న కేక వినబడింది. రెండు చేతులూ బార్లా చాపి, జుట్టు విడిపోయి, కోరస్‌గా కేకలు పెడుతూ పుణ్యవతి, సక్కుబాయి వాళ్ల మధ్యనుంచి దూసుకుపోయారు. అడుగున గమ్యం గీత కనిపించింది గానీ ఆ ఊపులో ఆగడం ఇద్దరి చేతా కాలేదు. గీత దాటి, టెంటు దాటి, అరటిపండ్ల బల్ల కూడా దాటి, పార్కింగ్‌లో గానీ ఆగలేదు.