ఒక సైకిలు, రెండు సీట్లు

మొలల ఆపరేషన్ అయ్యాక ఎజ్రాకు కావలసింది జూట్ మిల్లు దాకా నొప్పి లేకుండా కూర్చోగలిగే సైకిల్ సీటు. తెల్లారకముందు అతని ఊరి నుంచి ఆటోలు ఉండవు. సైరన్ మోగేలోగా గేటు దాటకపోతే మగ్గం ఇంకొకరికి ఇస్తారు.

సైకిల్ తండ్రిది. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ వాడుతున్నారు. ఉదయం షిఫ్టుకు ఎజ్రా దాని మీద వెళ్తాడు. మధ్యాహ్నం షిఫ్టుకు తమ్ముడు థామస్ ఆటోలో వచ్చి, గేటు దగ్గర తాళంచెవి తీసుకుంటాడు. అన్న ఆటో ఎక్కుతాడు. షిఫ్టు దిగాక తమ్ముడు సైకిల్ ఇంటికి తెస్తాడు.

ఎజ్రా మొదట సీటుకు మెత్తటి తొడుగు కొన్నాడు. లోపలి స్పాంజి పక్కలకు జరిగి ఇనుము తగిలింది. తర్వాత విజయనగరంలో రాంబాబు సైకిల్ షాపులో వెడల్పాటి స్ప్రింగుల సీటు దొరికింది. రాంబాబు ముందు కొస కాస్త కిందికి వంచి బిగించాడు. ఆ ఉదయం ఎజ్రా మిల్లు దాకా ఎక్కడా దిగలేదు.

మర్నాడు చూస్తే సీటు కిందికి దిగి ఉంది. కొస పైకి లేచి ఉంది.

గేటు దగ్గర తమ్ముణ్ని అడిగాడు. "ఎవడు ముట్టుకోమన్నాడ్రా?"

"నాకు కాళ్ళందవు. అది నాయిన సైకిలు. నీ పిర్రలకి కొలత తీసి కొన్నేదు."

"ఇంకోసారి ముట్టుకుంటే సెయ్యి ఇరిసేస్తాను."

ఆ రోజు నుంచి ఎజ్రా షిఫ్టు దిగగానే సీటు విప్పి ఇంటికి పట్టుకుపోసాగాడు. థామస్ పాత సీటు సంచిలో తెచ్చుకోసాగాడు.

"ఆదివారం సర్చిలో ఒకే బల్ల మీద కూకుంటారు. అక్కడ నేని గొడవ ఇక్కడేటర్రా?" అంది తల్లి లీలారాణి.

"ఆ బల్లకి నట్లు నేవమ్మా" అన్నాడు థామస్.

సోమవారం ఉదయం ఎజ్రా సీటు తీసుకుని వాకిట్లోకి వచ్చాడు. సీటు బిగించే పైపు లేదు. తమ్ముడి తలుపు కొట్టాడు.

"పైపేదిరా?"

"సీటు నీదే కదన్నా. దాని మీద కూకోని ఎల్లు."

ఎజ్రా సీటును హ్యాండిల్‌కు తగిలించి, నిలబడి తొక్కాడు. సైరన్ మోగుతుండగా గేటు దాటాడు. షిఫ్టు సగంలో ఆపరేషన్ కుట్టు దగ్గర తడి తగిలింది.

మధ్యాహ్నం థామస్ వచ్చి చెయ్యి చాపాడు. చంకలో పైపు, సంచిలో సీటు ఉన్నాయి. ఎజ్రా తాళంచెవి తీసి, అతను చూస్తుండగా గేటు పక్క మురుగు కాలవలో పడేశాడు.

ఆటోలో చోటుంది. ఎజ్రా కూర్చోలేదు.