చేతికి తెలిసేది

గుండీ మళ్లీ జారిపోయింది. వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఉడత రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టుకున్నాడు, నోటి ముందు పెట్టుకుని ఊదాడు, మళ్లీ గుండీ పట్టుకున్నాడు. అది కాజాలోకి వెళ్లిందో లేదో వంగి చూస్తే తప్ప తెలియలేదు. వెళ్లలేదు.

గిన్నెలు తోముతున్న భార్య చూసింది. చేతులు తుడుచుకుని వచ్చి, ఏమీ అడగకుండా గుండీలన్నీ పెట్టేసింది.

“చలికి కొంకర్లు పోయాయి,” అన్నాడు.

“అవును, చలే,” అంది ఆమె. ఎండ అప్పటికే గడప దాటి గదిలోకి వచ్చేసింది.

ఉడత అనే పేరు వయసులో ఉండగా తోటి చెట్టుకోతవాళ్లు పెట్టింది. ఇప్పుడు పొట్ట వచ్చింది, మెడ వెనక మడతలు పడ్డాయి, నేల మీద నడుస్తుంటే ఆయాసపడతాడు. కానీ తాడు తగిలించుకుని చెట్టెక్కాడంటే ఆ మనిషి వేరు. ఏ కొమ్మ మోస్తుందో, ఏది మోసం చేస్తుందో కాలు పెట్టకముందే తెలిసేది. కిందికి దిగాక అద్దె ఇంట్లో అందరిలాంటివాడే, ఇంకా చెప్పాలంటే అందరికన్నా కొంచెం తక్కువ. పైన ఉన్నప్పుడు మాత్రం తానూ ఒక మనిషినని అనిపించేది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

ఆ చేతుల సంగతీ ఎవరితోనూ అనలేదు. మిషన్ రంపం ఏళ్ల తరబడి అరచేతుల్లో అదిరీ అదిరీ వేళ్లలోని ప్రాణాన్ని లాగేసింది. మొదట్లో తిమ్మిరి, తరవాత తెల్లబడటం. ఈమధ్య చెట్టు బెరడుకీ దుప్పటికీ తేడా తెలియడం లేదు. చెప్తే ఎక్కనివ్వరు. ఎక్కకపోతే తనేమిటో అతనికి తెలియదు.

“సామాను ఇంటికి తేలేదేం నిన్న?” అని అడిగింది భార్య, పెరటి మేకు ఖాళీగా ఉండటం చూసి.

“పొద్దుపోయింది. మీ తమ్ముడి బండిలోనే ఉంచేశాం.”

“తాడు కూడానా?”

“తాడుకు విడిగా పరుపేస్తారా?” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఏదో అనబోయి, బయట బండి మోత వినపడేసరికి ఊరుకుంది.

బావమరిది బక్కపలచని మనిషి. నిచ్చెన ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి. అందుకే కింద ఉండి కొమ్మలు దించే తాడు చూసుకుంటాడు. ఆ పనిలో అతనికి తిరుగులేదు. తాడును మానుకు చుట్లు వేసి, ఎంత బరువైన కొమ్మనైనా నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేలకు దించుతాడు.

ఆ రోజు పని నిన్నటిదే. ఒక పెద్దావిడ ఇంటి కప్పు మీదికి వాలిన కొమ్మలు తీసెయ్యాలి, చెట్టును మాత్రం ఉంచాలి. మిగిలినవి ఆ కొనకొమ్మలే. ఉడత ముందు రంపం చూశాడు. గొలుసు బిగుతు చూసి, నూనె పోసి, నేల మీదే ఒకసారి నడిపి ఆపాడు. తరవాత బండిలోంచి ఎక్కే తాడు తీశాడు. ముక్కు దగ్గరికి రాగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. రోజూ ఆ తాడుకు కొంచెం సబ్బు వాసన ఉంటుంది. ఇవాళ పెట్రోలు కంపు.

“బావా, నిన్న ఆ దుంగ ఊగి వచ్చి తాడును మానుకేసి నొక్కింది కదా,” అన్నాడు బావమరిది. “అక్కడ కాస్త చూడు.”

చూస్తే కనపడేది కాదది. పైతొడుగు నిక్షేపంలా ఉంటుంది, లోపలి పోగులు నలిగిపోతాయి. వేళ్ల మధ్య జార్చుకుంటూ పోతే ఒకచోట పండిన పండులా మెత్తగా తగులుతుంది. కంటికి తెలియదు, చేతికే తెలుస్తుంది. ఉడత తాడు మొత్తాన్నీ వేళ్ల మధ్య జార్చాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏమీ తగల్లేదు. తాడే తగల్లేదు.

“బాగానే ఉంది,” అన్నాడు.

“నేనూ ఓసారి చూడనా?”

“ఎక్కేవాడి తాడు ఎక్కేవాడే చూసుకోవాలి. ఇన్నేళ్లయినా ఇదే నేర్చుకోలేదా నువ్వు?” గొంతు కాస్త గట్టిగానే లేచింది. అది తనకే తెలిసి, తగ్గించి అన్నాడు, “మీ ఇంట్లో అందరికీ నా తాడు మీదే కన్ను. మీ అక్క చూడు, ఎలక కొరికిందని బంగారంలాంటి తాడు కోసేసి దండెం కట్టుకుంది. నాకైతే ఎలక పన్నూ కనపడలేదు, ఎలకా కనపడలేదు.”

బావమరిది పకపకా నవ్వాడు. ఆ కథ వాళ్ల మధ్య ఎప్పుడూ పాతబడేది కాదు.

రేపు కొత్త తాడు తెచ్చుకుందాం, రేపే వీడికి చేతుల సంగతి కూడా చెప్పేద్దాం అనుకుంటూ ఉడత పైకెక్కాడు.

కోత ఉన్నంతసేపూ భయం లేదు. పొట్టి తాడు ఒకటి మానుకు చుట్టి నడుముకు తగిలించుకున్నాడు. రంపం పట్టుకున్నవాడు రెండు తాళ్ల మీద ఉండాలన్నది అతను ఎన్నడూ తప్పని నియమం. ప్రతి కొమ్మకూ ముందు కింది నుంచి ఒక గాటు, తరవాత పైనుంచి కోత, బెరడు చీలి మానుదాకా రాకుండా. “తాడూ!” అని అరిచేవాడు. “ఉందీ!” అని కింది నుంచి జవాబు వచ్చాకే రంపం ఆనించేవాడు. కొమ్మలు ఒక్కొక్కటే పెద్దావిడ పెంకులకు తగలకుండా దిగాయి. ఆవిడ వరండాలో నిలబడి చూస్తూ, “ఎంత నాజూగ్గా చేస్తున్నావయ్యా,” అంది. ఉడతకు చాలా సంతోషం వేసింది.

చివరి కొమ్మ దిగింది. రంపం ఆపి నడుముకు వేలాడదీశాడు. కప్పు మీద వెలుతురు పరుచుకుంది, ఆ ఇల్లు కొత్తగా కనిపించింది. కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు.

“దిగు బావా, టీ తాగుదాం.”

దిగడానికి రెండో తాడు అక్కర్లేదు. పొట్టి తాడు విప్పాడు. కొక్కెం తెరుచుకున్న చప్పుడు విన్నాడు కానీ వేళ్లకు తెలియలేదు. ఎప్పటిలాగే వెనక్కి వాలి బరువంతా ఎక్కే తాడు మీద వేశాడు.

తాడు తెగినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. కోసి పోగేసిన కొమ్మల పక్కన పడ్డాడు. బావమరిది పరుగెత్తుకొచ్చి తల ఒళ్లో పెట్టుకునేసరికే ఊపిరి లేదు. పెద్దావిడ టీ గ్లాసులు పట్టుకుని మెట్ల మీద అలాగే నిలబడిపోయింది.

అంతా ముగిసి, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, బావమరిది సామాను సంచి తెచ్చి అక్క ముందు పెట్టాడు. ముఖం ఎత్తలేకపోయాడు.

“చూస్తానన్నానక్కా. చూడనివ్వలేదు. బలవంతంగానైనా లాక్కోవాల్సింది.”

“నన్ను మాత్రం చూడనిచ్చాడా?” అంది ఆమె. “రోజూ ఆయన స్నానానికి వెళ్లినప్పుడు గిన్నెల సబ్బు చేతులతోనే మేకు మీంచి తీసి చూసేదాన్ని. గుండీ పెట్టుకోలేని మనిషి తాడేం చూస్తాడురా?”

“నీకు తెలుసా?”

“తెలుసు. తెలిసినట్టు కనపడితే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా. ఒకసారి మెత్తగా తగిలింది కూడా. ఎలకని చెప్పి కోసేశా. నాలుగు రోజులు తిట్టాడు, కొత్తది కొనుక్కున్నాడు. ఆ రోజు తాడు నీ బండిలో ఉంది. ఓసారి ఇమ్మని నోరు తెరిచి అడగాల్సింది. అడగలేదు.”

బావమరిది వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె సంచిలోంచి తెగిన తాడు తీసి, చేతులు బట్టకు తుడుచుకుని, అలవాటు ప్రకారం కొస నుంచి వేళ్ల మధ్య జార్చడం మొదలుపెట్టింది. తెగిన చోటికి బెత్తెడు ఇవతలే చెయ్యి ఆగింది. ఆ చోటు మెత్తగా ఉంది.

తాడును చుట్టగా చుట్టి పెరట్లో మేకుకు తగిలించింది. దాని పక్కనే, గోడ నుంచి గోడకు కట్టిన పాత తాడు, తడి బట్టల బరువుకు కొద్దిగా కిందికి వంగి ఉంది.